ఏడో నంబరుకే తొలి దర్శనం

హార్డ్ డిస్కు, టేపు డ్రైవు, సీడీ డ్రైవు, స్కానరు - అన్నింటినీ ఒకే కేబులుకు కట్టి, వాటి మీద పెత్తనం చేసే కార్డును స్కజీ కంట్రోలర్ అంటారు. అమెరికాలో ఈ పద్ధతికి 1986లో ప్రమాణం ఏర్పడింది. 1990లలో శుభలేఖ నెత్తిన ఏడుకొండలవాడి బొమ్మ ఎక్కించిన డీటీపీ స్కానర్లలో చాలావాటికి ఇదే దారి. ఆ రోజుల్లో పేరు మోసిన కార్డు అడాప్‌టెక్ కంపెనీ ఏహెచ్ఏ-2940. కంప్యూటర్ ఆన్ చేయగానే తెర మీద ఒక్క వాక్యం కనిపిస్తుంది. అది ఉన్న రెండు మూడు క్షణాల్లోనే కంట్రోల్, ఏ మీటలు కలిపి నొక్కితే స్కజీ సెలెక్ట్ అనే సెట్టింగుల తెర తెరుచుకుంటుంది. ఆ క్షణంలో టీ గ్లాసు వైపు చూసినవాడు మళ్లీ రీస్టార్ట్ చేసుకుని రావలసిందే.

అన్నిటికన్నా ముందు తేలవలసింది నంబర్లు. పాత ఎనిమిది బిట్ల కేబుల్ మీద 0 నుంచి 7 దాకా ఐడీలుంటాయి, ఒక్కో పరికరానికి ఒక్కటి. ఇద్దరు ఒకేసారి కేబుల్ అడిగితే పెద్ద నంబరుదే గెలుపు. ఏడు అందరికన్నా ముందు, సున్నా అందరికన్నా వెనక. ఆ ఏడో నంబరు ఎవరిదంటే, పెత్తనం చేసే కార్డుదే. ఇందులో వింతేముందని అడిగేవాడే తిరుపతిలో నాలుగేళ్లు కాపురమున్నవాడు.

తర్వాత పదహారు బిట్ల కేబుల్ వచ్చి ఐడీలు 15 దాకా పెరిగాయి. పదిహేనోవాడు ముందుకు వస్తాడనుకుంటే పొరపాటు. పాతవాళ్ల వరుస చెదరకూడదు గనుక 7 నుంచి 0 దాకా అందరూ అయ్యాకే 15 నుంచి 8 దాకా పిలుస్తారు. అంటే ఎనిమిది అందరికన్నా వెనక. కొండ మీద బ్రేక్ దర్శనం, మూడొందల టికెట్టు, సర్వదర్శనం కంపార్టుమెంట్లు ఎరిగినవారికి ఈ వరుస విడమరచి చెప్పక్కర్లేదు. తేడా ఒక్కటే: ఇక్కడ ఎమ్మెల్యే లెటరు చెల్లదు, జంపరు చెల్లుతుంది. పాత డిస్కు వెనక మూడు జతల పిన్నులుంటాయి, వాటి విలువ 1, 2, 4. ఆరో నంబరు కావాలంటే 2, 4 విలువల జతలకు జంపర్లనే గోరంత ప్లాస్టిక్ టోపీలు తొడగాలి. స్కానరైతే వెనక చిన్న కిటికీలో అంకె కనిపిస్తుంది, పక్కనున్న బొత్తాం నొక్కితే మారుతుంది.

నంబర్ల పంపకంలో అనుభవజ్ఞుల పద్ధతి ఒకటుంది. ఆగితే పని చెడిపోయే నెమ్మదస్తులకు, అంటే టేపుకు, స్కానరుకు, పెద్ద నంబర్లు. పరుగెత్తగల హార్డ్ డిస్కుకు సున్నా. బలవంతుణ్ణి వెనక నిలబెట్టే ఈ న్యాయం ఇంకా ఏ క్యూకీ పాకలేదు.

ఒకే నంబరు ఇద్దరికి పడితే మాత్రం గొడవే. 

"అన్నా, స్కానరు కనపడల్యా."

"యాడ కనపడతాది సామీ? డిస్కూ ఆరే, స్కానరూ ఆరే. ఒకదాన్ని మార్చు." 

ఇక ఏ పరికరమైనా తెగించి కార్డు నంబరైన ఏడునే పెట్టుకుంటే, చాలాసార్లు తెర మీద అన్ని వరుసల్లోనూ దాని పేరే కనిపిస్తుంది. ఎన్నికల ముందు ఊళ్లో ఫ్లెక్సీలు చూసినవాళ్లు దీనికి బెదరరు.

రెండోది టెర్మినేషన్. కేబుల్ రెండు కొసలా టెర్మినేటర్ ఉండాలి, నడుమ ఉండకూడదు. కొస ఖాళీగా వదిలితే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కి వచ్చి, తర్వాత వచ్చేదాన్ని పాడు చేస్తుంది. పరికరాలు కంప్యూటర్ లోపలే ఉన్నా, బయటే ఉన్నా కార్డు ఒక కొస అవుతుంది గనుక దాని టెర్మినేషన్ ఆన్‌లో ఉండాలి. రెండు వైపులా ఉంటే కార్డు నడుమ పడుతుంది, అప్పుడు ఆఫ్. ఆటోమేటిక్ అని పెడితే కార్డే తేల్చుకుంటుంది. స్కానరుతో వచ్చిన టెర్మినేటర్ ముక్కను పనికిరానిదనుకుని సొరుగులో పడేసినవాళ్ల సంగతి ఏ సెట్టింగూ చూసుకోదు.

ఆ తర్వాత సెట్టింగుల తెరలో ఒక్కో ఐడీకి వేరువేరు వరుసలు. సింక్ నెగోషియేషన్ అంటే వేగం మీద బేరం. పాత స్కానరు బేరమాడలేక బిగుసుకుపోతే దాని వరుసలో మాత్రం 'నో' పెట్టాలి. స్టార్ట్ యూనిట్ అనేది కరెంటు వచ్చీ రాగానే డిస్కులన్నీ ఒక్కుమ్మడిగా తిరగకుండా కార్డు ఒక్కొక్కదాన్నే లేపే ఏర్పాటు, దానికి డిస్కు మీద జంపరూ సహకరించాలి. అన్నిటిలోకీ మర్యాదస్తురాలు డిస్‌కనెక్షన్. టేపు వెనక్కి చుట్టుకుంటున్నంతసేపు కేబుల్ వదిలి పక్కకు తప్పుకుంటుంది, ఆ లోపల డిస్కు తన పని తాను చేసుకుంటుంది. 'నో' పెడితే చుట్టడం పూర్తయ్యేదాకా అందరూ నిలబడాల్సిందే. కౌంటర్‌లో కూర్చుని ఫోన్ మాట్లాడే గుమస్తాలందరి వరుసలోనూ ఇది ఎప్పుడో 'నో' అయిపోయి ఉంది.

బూట్ డివైస్ సాధారణంగా సున్నా, దాన్ని కదపనక్కర్లేదు. ఒక జీబీ దాటిన డిస్కులకు డాస్ కోసం ఎక్స్‌టెండెడ్ ట్రాన్స్‌లేషన్ అనే వరుస ఉంది. డేటా నింపాక దీన్ని మారిస్తే డిస్కులో ఉన్నదేదీ చదవడానికి రాదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా, చిత్తూరు జిల్లా అని రాసున్న ఆధార్ కార్డులు చెల్లకుండా పోలేదు. డిస్కుకు అంత ఉదారబుద్ధి లేదు, మళ్లీ ఫార్మాట్ కొట్టమంటుంది లేదా పాత సెట్టింగుకు తిప్పమంటుంది.

చివరికి ఎస్కేప్ నొక్కి, మార్పులు సేవ్ చేయమంటే రీబూట్ అవుతుంది. అడ్వాన్స్‌డ్ పేజీలో ఇంకో వరుస మిగిలింది: కంట్రోల్-ఏ అనే ఆ వాక్యాన్ని తెర మీద చూపాలా వద్దా అని. దాచినా మీటలు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి, తెలిసినవాళ్లు నొక్కుతూనే ఉంటారు.