జాంబవంతుల వారి సముఖానికి ఒక మనవి

ఋక్షరాజా,

విషయం: అమెరికా అడవుల్లో మీ వంశీకులు వేటగాళ్ల కెమెరాలు నమిలేస్తున్నారన్న ఫిర్యాదు. దాన్ని కొట్టివేయమని ప్రార్థన.

మీకే రాయడానికి కారణముంది. మనిషి అడవిలోకి తెచ్చిన మెరిసే వస్తువు ఎలుగుబంటి గుహకు చేరిన మొదటి కేసు మీదే. ప్రసేనుడు శమంతకమణి ధరించి వేటకు వెళ్లాడు. సింహం అతణ్ణి చంపింది, మీరు సింహాన్ని చంపి మణిని పిల్లవాడికి ఆటవస్తువుగా ఇచ్చారు. ఊళ్లో నింద కృష్ణుడి మీద పడింది. ఏటా వినాయక చవితినాడు అక్షింతలు చేతబట్టి ఈ కథ వింటాం గానీ, వేటకు వెళ్లేవాడికి అంత మణి ఎందుకయ్యా అని ఒక్కరమూ అడగం. నేను అడుగుతున్నది అదొక్కటే.

ఇప్పటి మణి పేరు ట్రైల్ కెమెరా. చిన్న ప్లాస్టిక్ పెట్టె; పట్టీతో చెట్టుకు నడుమెత్తున బిగిస్తారు. ఎదురుగా ఒంటివేడి ఉన్న ప్రాణి కదిలితే దానంతటదే ఫొటో తీస్తుంది. జింక ఏ దారిన, ఏ వేళకు వస్తోందో తెలిస్తే వేటగాడికి సగం పని అయినట్టే. తీరా కార్డు తీసి చూస్తే మొదటి ఫొటోలో దూరంగా నల్లటి మచ్చ, రెండోదాంట్లో రెండు చెవులు, మూడోదంతా తడి ముక్కే. ఆపైన నాలుక, పళ్లు, చివరికి వెల్లకిలా పడ్డ కెమెరాకి కనబడిన ఆకాశం. పక్కనే మంచె మీద సీటు మెత్త చీలి, లోపలి స్పాంజి పత్తి పేలినట్టు నేలంతా పరుచుకుని ఉంటుంది. మాటు వేసిన గుడారానికి కొత్త గుమ్మం లేచి ఉంటుంది. కొలరాడోలోని బౌల్డర్ నగరం వారు తమ అటవీ భూముల్లో పెట్టిన ఒక కెమెరాలో 580 ఫొటోలుంటే, అందులో 400 దాకా ఎలుగువేనని 2023 జనవరిలో ప్రకటించారు. సెల్ఫీలని లోకం మురిసిపోయింది. అదే ఎలుగు ఇంకో జానెడు ముందుకొచ్చి కొరికితే మాత్రం నేరం!

నిజానికి అక్కడ జరుగుతున్నది సోదా. ఎలుగుకు కళ్లకన్నా ముక్కు పెద్ద చదువరి. ముక్కు తేల్చలేనిదాన్ని పళ్లు తేలుస్తాయి. నల్లమలలో మీ చుట్టం చెదపుట్ట తవ్వినా, అమెరికాలో నల్ల ఎలుగు చీమల కోసం పుచ్చిన దుంగ చీల్చినా పద్ధతి ఒక్కటే: వాసన చూడు, పగలగొట్టు, లోపలేముందో చూడు. ప్లాస్టిక్కు, స్పాంజికి, పెట్రోలు సంబంధమైన సరుకులకు ఉన్న ఘాటు వాటిని లాగుతుందని స్నోమొబైల్ సీట్లు, ఇంధనం డబ్బాలు పోగొట్టుకున్నవాళ్లందరికీ తెలుసు. పైగా ఎలుగులు దారి పక్క చెట్లకు వీపు రుద్ది, గోళ్లతో గీరి, కొరికి తమ గుర్తులు వదులుతాయి. కెమెరా కట్టడానికి మనిషి ఏరుకునేదీ దారి పక్క చెట్టునే. ఒకరి నోటీసు బోర్డు మీద మన పెట్టె తగిలించి, దాని మీద గీతలు పడ్డాయని ఏడవడం ఏం న్యాయం?

ఇక కాలం. శీతనిద్రకు ముందు, శరదృతువులో, ఎలుగు రోజుకు 20,000 క్యాలరీల దాకా లాగిస్తుంది. సరిగ్గా అప్పుడే వేట సీజను. మెయిన్ లాంటి రాష్ట్రాల్లో ఎలుగుల వేటకు ఎర పెట్టడం చట్టబద్ధం. నిల్వ డోనట్లు, పేస్ట్రీలు పీపాల్లో పోసి, పక్క చెట్టుకు కెమెరా కడతారు. ఈ పద్ధతిని నిషేధించాలని 2004లోనూ 2014లోనూ అక్కడ ఓటింగు పెడితే రెండుసార్లూ జనం వద్దన్నారు. అది వారి ఇష్టం. కానీ విందుకు పిలిచి, విస్తరి పక్కన పెట్టిన పెట్టెను ముట్టుకున్నావని అతిథిని నిందించడం మా గోదావరి జిల్లాల మర్యాదలో అయితే లేదు.

ఎర పెట్టనివాళ్ల కెమెరాలూ పోతున్నాయి కదా అంటారు. నిజమే. ఎర పెట్టకపోయినా చేతులు పెట్టారుగా! మధ్యాహ్నం తిన్న శాండ్‌విచ్, దోమల మందు, ట్రక్కు గ్రీజు అన్నీ ఆ పట్టీకి అంటుకునే ఉంటాయి. పరిశోధకులకూ ఈ కెమెరాలే ఆధారం కదా అన్నది రెండో అభ్యంతరం. దానికి బలముంది. ఏ మూల ఎన్ని జంతువులున్నాయో మనిషి అలికిడి లేకుండా చెప్పే సాధనం ఇంతకన్నా మంచిది మరోటి తేలిగ్గా దొరకదు. అయితే ఆ పరిశోధకులే కెమెరా జంతువుకు కనబడుతుంది, వినబడుతుంది అని కొలిచి రాశారు. పోయేవి పోతాయని లెక్కలో వేసుకుని ఇనప పెట్టెల్లో బిగిస్తారు. ఎలుగు మీద పగబట్టరు.

అసలు ఈ కెమెరాల మీద మనుషులకే ఏకాభిప్రాయం లేదు. వేటలో న్యాయం చెడుతోందని, నీటి గుంటల దగ్గర కెమెరాల గుంపు ఎక్కువైందని అరిజోనా రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి వేటకు వీటి వాడకాన్నే నిషేధించింది. మీవాళ్లు ఏ కమిషనూ వేయకుండా ఎప్పటినుంచో అమలు చేస్తున్న తీర్పే అది.

అయినా నష్టం నష్టమే, కాదనను. దానికి మందు మనిషి చేతిలోనే ఉంది. పెట్టె ఎత్తున కట్టి, ముఖం కిందికి వంచవచ్చు. గ్లవ్స్ వేసుకోవచ్చు. మంచె మెత్త సాయంత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇవేవీ చేయకుండా "దొంగ ఎలుగు" అని ముద్ర వేస్తే అది చివరికి తుపాకీ దాకా పోతుంది. మనిషి తిండి మరిగిన ఎలుగుల గతి అక్కడ తరచూ అదే.

మీరు మణి కోసం వచ్చిన కృష్ణుడితో ఇరవై ఎనిమిది రోజులు పోరాడి, ఎదుటివాడెవరో తెలిశాక మణిని మర్యాదగా తిరిగిచ్చేశారు, పైగా పిల్లనిచ్చారు. ఇప్పుడు అంత ఎవరూ అడగడం లేదు. కెమెరాలు మీ పిల్లల దగ్గరే ఉండనివ్వండి. లోపల గోరంత మెమరీ కార్డు ఒకటి ఉంటుంది, రుచిగా ఉండదు. అది మాత్రం ఎక్కడైనా ఉమ్మేసి ఉంటే, దారి పక్కన కనబడేట్టు పెట్టించండి.

ఇట్లు,
ఫిర్యాదుదారుల తరఫున రాయబోయి మనసు మార్చుకున్నవాడు