పీట్రేస్ సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము:
పీట్రేస్ అటాచ్, 4217, 0, 0;

అవతారిక: నడుచుచున్న ప్రోగ్రామును నడుమ నిలువఁజేసి, దాని రిజిస్టరులను పరికించి, అవసరమగుచో మెమొరీని దిద్ది, ఏమియు జరుగనట్లు మరల నడిపింపఁగోరిన జీడీబీ యను డీబగ్గరు, తనకట్టి శక్తి స్వతస్సిద్ధముగా లేమి నెఱిఁగినదై, లినక్స్ కెర్నలునకుఁ జేసికొను విన్నపము మూలమునఁ జెప్పఁబడుచున్నది.

టీక: ఓ కెర్నలూ (ఇది అధ్యాహార్యము); పీట్రేస్ = ఆ పేరి సిస్టమ్ కాల్ చేత; 4217 = ఆ సంఖ్య గల ప్రాసెస్సును; అటాచ్ = నా యధీనమునఁ జేర్పుము; 0, 0 = చ, వై, తు, హి వలెఁ బాదపూరణార్థములు. ఈ సున్నలేల యని యాక్షేపింపరాదు. ఇదే కాల్‌తో మెమొరీని చదువునపుడు మొదటి సున్న చోట అడ్రసును, వ్రాయునపుడు రెండవ దాని చోట డేటాయు వచ్చి కూర్చుండును. 1975 నాఁటి యూనిక్స్ ఆఱవ కూర్పున వెలసినది మొదలు, ఒక్క కాల్‌తోనే సర్వకార్యములు సాధింపవలె నను పొదుపరితనము దీని స్వభావము.

తాత్పర్యము: కెర్నలు అర్థికిఁ దగిన యర్హత గలదో లేదో విచారించి, కలదేని 4217కు సిగ్‌స్టాప్ పంపును, డీబగ్గరు వెయిట్‌పిడ్ కడ వేచియుండి, ప్రాసెస్సు ఆఁగినదను వార్త వినును. అది మొదలు ఆ ప్రాసెస్సునకు వచ్చు సిగ్నలు లన్నియు, సిగ్‌కిల్ దక్క, ముందుగా డీబగ్గరునకే నివేదితములగును. నీ తండ్రి యెవ్వరని యడిగినచో ప్రాసెస్సు తొలి తండ్రి సంఖ్యనే చెప్పును. పెత్తనము మాత్రము క్రొత్తవానిది.

విశేషము: బ్రేక్‌పాయింటు విధానము సావధానముగాఁ బరిశీలింపఁదగినది. ఇంటెల్ వంశపు ప్రాసెసర్లలో, ఆఁగవలసిన చోటనున్న ఇన్‌స్ట్రక్షను మొదటి బైటును దాఁచి, దానికి మాఱుగా 204 అను విలువ గల బైటును డీబగ్గరు వ్రాయించును. ఈ ట్రాప్ ఇన్‌స్ట్రక్షను ఏకాక్షరి. ఇన్‌స్ట్రక్షను ఎంత పొట్టిదైనను ఒక బైటుకుఁ దక్కువ గాదు గనుక, ప్రక్కదాని నొరయక ఎచ్చటనైన నిముడును. అయినను పీట్రేస్ ఒక్క బైటును వేఱుగా వ్రాయనేరదు; 64 బిట్ల యంత్రమున ఎనిమిది బైట్లను చదివి, అందొకటి మార్చి, ఎనిమిదింటిని దిరిగి వ్రాయవలసినదే. ప్రాసెస్సు తన కోడును దానే దిద్దుకొనరాని పేజీలయందు సైతము, కెర్నలు ఆ పేజీకి వేఱొక ప్రతి నెత్తి యందు వ్రాయును. అందుచే అదే ప్రోగ్రామును నడుపుకొనుచున్న పొరుగు ప్రాసెస్సులకు బాధ లేదు.

ప్రాసెసరు ఆ బైటును ద్రొక్కినంతనే కెర్నలు మేల్కాంచి, సిగ్‌ట్రాప్ పుట్టించి, ప్రాసెస్సును నిలిపి, డీబగ్గరునకుఁ గబురంపును. అప్పటికి ఇన్‌స్ట్రక్షన్ పాయింటరు ఒక బైటు ముందునకుఁ బోయియుండును. దానిని వెనుకకుఁ దీసి, పాత బైటును యథాస్థానమున నుంచి, ఒక్క యడుగు మాత్రము నడిపించి, మరల 204ను నాటి, అటుపిమ్మట విడువవలెను. ఈ వరుసలో ఒక్కటి తప్పినను, ఇన్‌స్ట్రక్షను నడిమి నుండి చదువ మొదలిడిన ప్రాసెసరు చేయు వికృతి వర్ణనాతీతము.

ఇచ్చటఁ గొందఱు, ఆఁపునది డీబగ్గరే, కెర్నలు నిమిత్తమాత్ర మందురు. అది యసంగతము. జీడీబీ సైతము ఒక సామాన్య ప్రాసెస్సే. కెర్నలు కలుగఁజేసికొననిచో పరుల మెమొరీలో నొక్క బైటును జూడనేరదు. అది మరణించిన, దాని చెఱలోని ప్రాసెస్సులు, వేఱు ఏర్పాటు లేనిచో, విడివడి తమ దారినఁ బోవును. కీర్తి డీబగ్గరుది, పని కెర్నలుది.

అధికారి నిర్ణయము: ఒక ప్రాసెస్సునకు ఏకకాలమున ఒక్క డీబగ్గరే యేలిక, రెండవది వచ్చెనేని తిరస్కృతమగును. ఇంతేకాక, ఉబుంటులో 10.10 కూర్పు మొదలు, యమ యను భద్రతా మాడ్యూలు, సామాన్యుఁడు తన సంతతి కాని ప్రాసెస్సులకు అటాచ్ కాకుండ నడ్డుపడుచున్నది. కావునఁ జదువరులారా, మూలమును యథాతథముగా నుచ్చరించినను 'అనుమతి లేదు' అను ప్రత్యుత్తరమే వచ్చెనేని, జీడీబీని నిందింపక, ముందుగా ఆ యమ నియమమగు పీట్రేస్_స్కోప్ విలువ 1 యై యున్నదేమో చూడుఁడు.