ఏ బ్లాస్ అయితేనేం!

జెంటూ లినక్స్ వాడేవాళ్ళకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. వాడనివాళ్ళు పెట్టిపుట్టారు.

కొద్దిరోజులుగా నా ప్రాణం తోడేస్తున్నది బ్లాస్. మాత్రికలను గుణించి పెట్టే లైబ్రరీ. ఏ రొటీన్‌ను ఏ పేరుతో పిలవాలి, దానికి ఏవి ఏ వరసలో అందించాలి అన్నది 1979లో మొదలుపెట్టి 1990కల్లా ఫోర్ట్రాన్ పెద్దలు రాసిపెట్టేశారు. ఆ కట్టుబాటు తప్పనంతవరకు లోపలి వంట ఎవరి ఇష్టం వాళ్ళది. అందుకే రిఫరెన్స్ బ్లాస్, ఓపెన్‌బ్లాస్, బ్లిస్, ఇంటెల్ వారి ఎంకేఎల్... ఒకటి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అదొక సౌకర్యం అట! ఆ తీసి పెట్టడంలోనే నా ఆదివారాలు హారతి కర్పూరం.

ఓపెన్‌బ్లాస్ కంపైలైంది కదా అని ‘ఎసెలెక్ట్ బ్లాస్ లిస్ట్’ కొడితే రిఫరెన్స్ ఒక్కటే దర్శనమిస్తుంది, పక్కన చుక్కగుర్తుతో. ‘ఎసెలెక్ట్-ఎల్‌డీఎస్ఓ’ అనే యూజ్ ఫ్లాగ్ లేకపోతే ఓపెన్‌బ్లాస్ డిస్కులో ఉంటుంది గానీ జాబితాకెక్కదు. సరే, ఫ్లాగ్ పెట్టి మళ్ళీ కంపైలు. ఇప్పుడు కనిపించింది, ఎంచుకున్నాం, బ్లాస్ మారింది. దాని మీద ఆధారపడి సమీకరణాలు సాధించే లాపాక్ మారలేదు. దానికి ఇంకో ఎసెలెక్ట్. రెండూ చెట్టాపట్టాలేసుకు తిరుగుతాయి, పిలుపులు మాత్రం ఇద్దరికీ విడివిడిగా అందాలి.

ఇంతకే విసుక్కుంటే అట్లాస్ అనే ఇంకో బ్లాస్‌ను కట్టించుకున్నవాళ్ళు ఏమనాలి? అది ఇన్‌స్టాల్ అవుతుందనుకుంటే పొరపాటు, పెళ్ళిచూపులకొస్తుంది. క్యాషె ఎంత? రిజిస్టర్లెన్ని? మాత్రికను ఇంత ముక్కలు చేస్తే ఎంతసేపట్లో గుణిస్తావు? కాస్త చిన్న ముక్కలైతే? ఇంకాస్త చిన్నవైతే? ప్రతిదానికీ చేయించి చూసి, గడియారం పెట్టి కొలుచుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద షరతు, ప్రాసెసర్ వేగం తగ్గించుకునే ఏర్పాటు ఉంటే ముందు దాన్ని ఆపించాలి. ఆపకపోతే కొలతలు తప్పుతాయని కాన్ఫిగర్ దగ్గరే మొరాయిస్తుంది. మే నెల, కరెంటు కోతలు, నా ల్యాప్‌టాప్ పూర్తి వేగంతో గంటల తరబడి. సగంలో కరెంటు పోయి, బ్యాటరీ చేతులెత్తేస్తే చూపులు మళ్ళీ మొదటికి. “ఒరేయ్, దానికేదో ఆయాసంగా ఉందిరా, కాస్త ఆపరాదూ” అంది అమ్మ గుమ్మంలోంచి. దానికే కాదమ్మా, నాకూ ఉంది.

ఇన్ని పాట్లూ పడి నేను గుణించేది ఏమిటయ్యా అంటే, ఇంటి కరెంటు బిల్లుల మీద గీసే ఒక సరళరేఖ. పైథాన్ రాసే పక్కింటి కుర్రాడు పిప్‌తో నంపై దించుకుంటే దాని కడుపులోనే ఓపెన్‌బ్లాస్ వచ్చేస్తుంది. వాడికి ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

పోనీ ఏది పెట్టినా జవాబు ఒకటేనా? దాదాపు. దశాంశాల కూడిక వరస మారితే చివరి అంకె అటూ ఇటూ అవుతుంది. రెండు లైబ్రరీలు రెండు వరసల్లో కూడతాయి. ఎవరిది తప్పని అడగడానికి లేదు.

ఓపెన్‌బ్లాస్‌కు మూలం గోటోబ్లాస్. కజుషిగె గోటో అనే ఆయన అసెంబ్లీలో చేత్తో చెక్కిన పని. ఆయన పక్కకు తప్పుకున్నాక, 2011లో జాంగ్ షియానీ బృందం దాన్ని ఓపెన్‌బ్లాస్ పేరుతో అందుకుంది. పిలిచే ప్రోగ్రాములకు చేతులు మారిన సంగతే తెలియదు. అవి పిలిచే పేర్లు పాతవే.

మా ఆఫీసులో కిందటేడు ఒక పెద్దాయన రిటైరయ్యారు. శుక్రవారం దండ, స్వీటు డబ్బా, రెండు ఫొటోలు. సోమవారానికి ఆ సీట్లో కొత్త కుర్రాడు. ఫైళ్ళడిగినవాళ్ళకు ఫైళ్ళందాయి, ఎవరూ ఏమీ అనలేదు. చివరి అంకె ఏమైనా మారిందేమో, నేనూ చూడలేదు.