తలుపు లోపలి చీకటి

కలపర్రు టోల్‌గేటు దగ్గర నేను తలుపులోకి పడిపోయాను.

2022లో దసరా వెళ్లిన వారం. తుంపరగా మొదలైన వాన జడివానగా మారుతున్న సాయంత్రం. ఫాస్టాగ్ స్కానర్‌కు చిక్కలేదు. చేతి మిషను పట్టుకుని ఒక కుర్రాడు తడుస్తూ కారు దగ్గరికి వచ్చాడు. మాస్టారు స్విచ్ నొక్కి నన్ను సగానికి దించి మాట్లాడారు. కుర్రాడు వెళ్లిపోయాక నన్ను పైకి లేపబోయారు. లోపల గరగరమంది, వెంటనే టప్పుమని ఏదో తెగింది. ముందువైపు మూల కిందికి ఒరిగిపోయింది. మరుక్షణం నేను చీకట్లో ఉన్నాను. మోటారు మాత్రం తన చేతిలో ఏమీ లేదని తెలియక తిరుగుతూనే ఉంది.

విజయవాడ ఇంకా యాభై కిలోమీటర్ల దూరం. వానంతా మాస్టారి కుడి భుజం మీదే. అమ్మగారు పక్క సీట్లోంచి తువ్వాలు అందిస్తూ, "నెలరోజుల నుంచి మూలుగుతోందని చెబుతూనే ఉన్నానండీ" అన్నారు. ఆవిడ అన్నది నిజం. ఆ కారులో నా మూలుగు విన్నది ఆవిడొక్కరే.

నేను డ్రైవరు తలుపు అద్దాన్ని. మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. మూలన ఐఎస్ 2553 అని ముద్ర ఉంటుంది, వాహనాల భద్రతా అద్దానికి మన దేశంలో ఉన్న ప్రమాణం అది. ఇసుక, సోడా, సున్నపురాయి కరిగించి, కరిగిన తగరం మీద పలకగా పరిచారు నన్ను. ఆకారానికి కోయడం, అంచులు నునుపు చేయడం, బోల్టుకు రంధ్రం పెట్టడం అన్నీ అయ్యాక, ఆరువందల డిగ్రీలు దాటే కొలిమిలో ఎర్రగా కాల్చి, రెండు వైపులా చల్లగాలి ఒక్కసారిగా కొట్టారు. పైపొర ముందే గట్టిపడింది. లోపలిది నిదానంగా చల్లారుతూ ఆ పొరను బిగించి పట్టుకుంది. నా బలమంతా ఆ బిగువులోనే ఉంది. నా ప్రమాదమూ అక్కడే ఉంది. అంచు మీద గట్టి దెబ్బ ఒక్కటి తగిలితే ఆ బిగువు క్షణంలో విడిపోయి, పటికబెల్లం పలుకుల్లా రాలిపోతాను. ముందుండే పెద్దద్దం అలా కాదు. రెండు అద్దాల మధ్య పొర ఉంటుంది కాబట్టి పగిలినా అతుక్కునే ఉంటుంది. నాకు ఆ అదృష్టం లేదు. ఆ రాత్రి ఒక్కో గుంటకూ నా కింది అంచు తలుపు ఇనుముకు తగులుతుంటే ఇక అయిపోయానని ఎన్నిసార్లు అనుకున్నానో!

మా కారు 2010 నాటిది. ముందు తలుపులకే మోటార్లు. వెనక తలుపుల అద్దాలను ఇప్పటికీ పిడి తిప్పే ఎక్కించాలి. చిన్నప్పుడు మాస్టారి పిల్లలు, పిడి తిప్పే పనిలేని ముందు సీటు కోసం పోట్లాడుకునేవాళ్లు. నాకు మాత్రం వెనకవాళ్ల మీదే అసూయగా ఉండేది. పిడి తిప్పే చేతికి అద్దం బరువు తెలుస్తుంది. బీడింగు బిగుసుకుంటే మోచెయ్యి నొప్పెడుతుంది. "ఇదేంటి, తిరగట్లేదు" అని ఎవరో ఒకరు అంటారు. స్విచ్ మీది వేలికి ఆ సంగతి ఎప్పటికీ అందదు. నేను గాలిలా లేచిన రోజునా, ప్రాణం పోయేంత కష్టంతో లేచిన రోజునా వేలు నొక్కింది అంతే.

ఆ కష్టం ఎలా మొదలైందో చెప్పాలి. కొత్తలో నాకు నల్ల ఫిల్ము అంటించారు. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములన్నీ తీసెయ్యాలని తీర్పిచ్చింది. బందరు రోడ్డు మీద పోలీసులు ఆపి, బ్లేడుతో అక్కడికక్కడే గీకించారు. కనిపించినంత మేర ఫిల్ము పోయింది కానీ, బీడింగు లోపల దాక్కున్న అంచుల్లో బంక మిగిలిపోయింది. దానికి రోడ్డు దుమ్ము అంటుకుంది. నేను ఎక్కి దిగే దారి తలుపు చట్రంలోని రబ్బరు గాడి. దాని లోపల మఖ్మల్ లాంటి నూగు ఉంటుంది. బంకా, దుమ్మూ కలిసి ఆ నూగును గరుకు కాగితం చేశాయి. దానికి తోడు బెజవాడ ఎండలు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రబ్బరు ఎంతకాలం మెత్తగా ఉంటుంది? ఏటికేడాది గట్టిపడి నన్ను రెండు వైపులా కరిచి పట్టుకునేది.

ఆ భారమంతా పడింది ఉక్కు తీగ మీద. మోటారు తిరిగితే డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ముకు చుట్టిన తీగ పైనా కిందా కప్పీల మీదుగా సాగి, నన్ను పట్టుకున్న క్లాంపును పట్టాల మీద లాగుతుంది. తీగ అంటే సన్నటి పోగుల పేట. ఒక్కో పోగే తెగి డ్రమ్ములో చిక్కుకుంటున్నప్పుడు వచ్చిందే అమ్మగారు విన్న మూలుగు.

మర్నాడు ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు తీసుకెళ్లారు. ఆ కుర్రాళ్ల చెయ్యి చురుకు. డోర్ ప్యాడ్ ఊడదీశారు, వెనక అంటించి ఉన్న ప్లాస్టిక్ షీటును చింపి పారేశారు, తీగ తెగిన మెషిన్ తీసి కొత్తది బిగించారు. గాడి నిండా మామూలు గ్రీజు పూశారు. గంటలో పని పూర్తి. స్విచ్ నొక్కగానే నేను జర్రున లేచాను. మాస్టారు సంతోషించారు. నేనూ సంతోషించాను.

ఆ సంతోషం ఏడు నెలలు నిలిచింది. గ్రీజుకు ఇంకా దుమ్ము పట్టింది. రబ్బరు ఉబ్బింది. ప్లాస్టిక్ షీటు లేనందున వాననీళ్లు డోర్ ప్యాడ్‌కే తగిలి అట్ట ఉబ్బింది. 2023 రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం సగం దారిలో ఆగిపోయాను. ఈసారి తీగ తెగలేదు. మోటారు వేడెక్కి తనను తానే ఆపుకుంది. పావుగంట చల్లారితే నాలుగంగుళాలు లేపేది, మళ్లీ ఆగేది.

మాస్టారు ఈసారి వేరే షెడ్డుకు వెళ్లారు. అక్కడి పెద్దమేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. ముందు స్విచ్ నొక్కమని, తలుపుకు చెవి ఆనించి విన్నాడు.

"సౌండే లేకపోతే ఫ్యూజో, స్విచ్చో, తలుపు సందులో వైరో చూడాలండి. సౌండ్ వచ్చి అద్దం కదలకపోతే తీగ. ఇది రెండూ కాదు. మోటారు ఏడుస్తోంది" అన్నాడు.

"కిందటేడే కొత్త మెషిన్ వేయించానయ్యా."

"పాతది ఎందుకు తెగిందో చెప్పారా మాస్టారూ?"

మాస్టారు సమాధానం చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టే చెప్పలేకపోయారు.

పెద్దమేస్త్రీ నన్ను క్లాంపు నుంచి విడిపించి, మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు తగిలించాడు. అది హాయిగా తిరిగింది. వైర్లు మార్చి తగిలిస్తే అంతే హాయిగా వెనక్కి తిరిగింది. "దీని తప్పేం లేదు" అని పక్కన పెట్టేశాడు. తర్వాత మాస్టారిని పిలిచి, "అద్దం ఒక్కటే ఉందిప్పుడు. మీరే లేపండి" అన్నాడు.

మాస్టారు రెండు అరచేతులూ నాకు ఇరువైపులా ఆనించి పైకి తోశారు. కదల్లేదు. పళ్లు బిగించి తోస్తే జానెడు లేచి ఇరుక్కున్నాను. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. పదమూడేళ్లలో నా బరువు ఆయన చేతికి తెలియడం అదే మొదటిసారి. చేతులు తీసేసి నావైపు అలా చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాతి రెండు గంటలూ నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇనుప పట్టీకి గుడ్డ చుట్టి, సబ్బునీళ్లలో ముంచి, గాడి లోపలి గ్రీజంతా లాగారు. గుడ్డలు నల్లగా వస్తూనే ఉన్నాయి. నా అంచుల మీద మిగిలిన పాత బంకను షెడ్డు కుర్రాడు గోటితో తడిమి తడిమి తీశాడు. ముందువైపు బీడింగు చెక్కలా అయిపోయిందని కొత్తది వేశారు. గ్రీజు, ఆయిలు రబ్బరును పాడుచేస్తాయని చెప్పి సిలికాన్ స్ప్రే కొట్టారు. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు మట్టితో పూడిపోయి ఉంటే పుల్లతో పొడిచారు. గుక్కెడు మురికినీళ్లు నేల మీద పడ్డాయి. ఆ నీళ్లలో ఎన్ని నెలలు నానానో! కొత్త ప్లాస్టిక్ షీటు కత్తిరించి చుట్టూ బంకపట్టీతో అంటించడం కోసం సిద్ధంగా పెట్టుకున్నారు.

కుర్రాడు నన్ను క్లాంపులో కూర్చోబెట్టి స్పానరు అందుకున్నాడు.

"ఇప్పుడే బిగించకురా" అన్నాడు పెద్దమేస్త్రీ. "పైకంటా ఎక్కనివ్వు. అది తన దారిలో సర్దుకున్నాక బిగించు. నువ్వు చెప్పిన చోట కూర్చోమంటే మళ్లీ గుంజుతుంది."

తర్వాత మళ్లీ మాస్టారిని పిలిచాడు. క్లాంపు నుంచి నన్ను ఇంకోసారి వదిలించి, "చూడండి" అన్నాడు.

ఈసారి ఆయన రెండు చేతులూ ఆనించారు కానీ తోయాల్సిన పని రాలేదు. ఎత్తగానే ఆ చేతులతో పాటే లేచాను. పైన రబ్బరుకు మెత్తగా తగిలి ఆగాను. షెడ్డు రేకుల మీద సాయంత్రపు ఎండ, రోడ్డు అవతల టైర్ల గుట్ట, అమ్మగారు చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఇటే చూడటం, అన్నీ మళ్లీ నాలోంచి కనిపించాయి.

"ఇక బిగించి స్విచ్ నొక్కి చూద్దామా మాస్టారూ?" అన్నాడు పెద్దమేస్త్రీ.

మాస్టారు నన్ను వదల్లేదు. మెల్లగా కిందికి దించి, ఇంకోసారి చేత్తోనే పైకి లేపారు.