బ్లోయర్ మోటారు సూత్రము: టీకాతాత్పర్య సహితము

మూలము: గ్లవ్ బాక్సును తొలగించుము. హీటరు బ్లోయర్ మోటారును మార్చుము. విప్పిన దానికి విపరీత క్రమమున బిగింపుము.

అవతారిక: స్వగృహమున కారు బాగుచేసికొను విధము బోధించు పుస్తకములన్నిటను ఈ సూత్రమో దీని తోబుట్టువో కలదు. సూత్రకారుడు మితభాషి.

శంక: హీటరు బ్లోయరన్న మాట బెజవాడలో ఎట్లు పొసగును? సమాధానము: మోటారొక్కటే, ఫ్యానొక్కటే. ఏసీ కాయిలు మీదుగా వీచిన చల్లన, ఇంజిను వేడినీరు తిరుగు హీటరు కోరు మీదుగా వీచిన వెచ్చన. కావున బెజవాడ మే నెలలోను, చికాగో జనవరిలోను తెలుగువాడు తిట్టునది ఈ మోటారునే.

టీక: గ్లవ్ బాక్సును = స్పష్టము. తొలగించుము = స్పష్టము; సూత్రకారుడు దీనికే మూడు బొమ్మలు వేసెను. మోటారును = మన కార్లలో తరచు ఎడమ సీటువారి మోకాళ్ల ఎదుట, డ్యాష్‌బోర్డు అడుగున నుండునది. మార్చుము = సాధారణముగ మూడు స్క్రూలు, ఒక కప్లరు. రెండు స్క్రూలు కనబడును. మూడవది అనుభవైకవేద్యము, ఆ అనుభవము మణికట్టుది. బొమ్మలో సరిగ్గా అక్కడే మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

విపరీత క్రమమున = ఇచట కొంత విచారింపవలెను. పింగళి సూరన కళాపూర్ణోదయములో ఒక కందమున్నది. మొదటినుండి చదివిన తెలుగు, చివరి అక్షరమునుండి వెనుకకు చదివిన సంస్కృతము. రెంట అర్థమున్నది. ఈయనే రాఘవపాండవీయమున రామాయణ భారతములను ఒకే పద్యములలో నడిపెను. అది ద్వ్యర్థి, ప్రకృతమునకు అనవసరము, అయినను చెప్పక ఉండలేను. వేంకటాధ్వరి రాఘవయాదవీయమున 30 శ్లోకములు ముందుకు రామకథ, వెనుకకు కృష్ణకథ. వెనుకనుండి చదువునపుడు వ్యాఖ్యాతలకు చెమటలు పట్టిన మాట నిజమే కాని, అర్థము పుట్టును. ఎందుచేత? మొదటి అక్షరము వ్రాయునపుడే కవి మనసులో చివరి అక్షరమున్నది గనుక.

అన్నట్టు, మోటారు. కారు చేసినవాడు అలా రాయలేదు. ఫ్యాక్టరీలో బ్లోయరు పెట్టెను డ్యాష్‌బోర్డుతో కలిపి బయటే సిద్ధం చేసి, ఆ మొత్తాన్ని తెచ్చి కారులో కూర్చోబెట్టడం మామూలు. తల కాళ్ల దగ్గర పెట్టుకుని మూడో స్క్రూ బిగించవలసిన అవసరం అక్కడ ఎవరికీ రాదు. విప్పేటప్పుడు స్క్రూలు వదిలితే చాలు, మోటారు దానంతటదే చేతిలోకి జారుతుంది. బిగించేటప్పుడు ఒక చేయి దాన్ని పైకి అదిమిపట్టాలి, ఒక చేయి స్క్రూ నిలబెట్టాలి, ఒకటి స్క్రూడ్రైవరు తిప్పాలి, ఒకటి టార్చి పట్టాలి. కావున ఈ శాస్త్రమునకు అధికారి చతుర్భుజుడు. ద్విభుజులు పక్కింటివారిని పిలుచుకొనునది.

అనుక్తము: మూలము చెప్పనిది. చాలా కార్లలో బ్లోయరు ఆఖరి స్పీడులో మాత్రమే తిరిగి, తక్కిన స్పీడులలో ఊరకుండిన దోషము మోటారుది కాదు, రెసిస్టరుది. చేత్తో తట్టగనే తిరిగిన, కార్బన్ బ్రష్షులు అరిగినవి. మోటారు హోరుమనుచున్నను గాలి రాకున్న ముందు క్యాబిన్ ఫిల్టరు చూడవలెను. కప్లరు వద్ద 12 వోల్టులు వచ్చుచుండియు తిరగకున్న, అప్పుడు మోటారే ముద్దాయి. ఈ నాలుగు ముక్కలు అచ్చు వేయడానికి పావు పేజీ చాలు. అది లేక ఎంతమంది బాగున్న మోటారును పీకి, కొత్తది కొని బిగించి, మళ్లీ ఆఖరి స్పీడులోనే తిరుగుతుంటే దాని ముందు కూర్చుని ఉంటారు? ఆ పావు పేజీలో ఏముందయ్యా అంటే, సీటు బెల్టు పెట్టుకున్న కుటుంబం నవ్వుతున్న ఫోటో.

తాత్పర్యము: ఈ పుస్తకము వ్రాసినవాని కారును వాని డ్రైవరు షెడ్డుకు తీసుకొనిపోవును.