వరిమడుల యాత్ర: టీకా తాత్పర్య సహితం

మూలం: "ఈ శనాదివారాలు కొండమీద వరిమడులు. వానలోనే చూడాలి. బూట్లు మరవొద్దు. ఆదివారం రాత్రికి ఇల్లు."

అవతారిక: ముగ్గురు స్నేహితులు. ఒకడిది మదనపల్లె, ఒకడిది పుంగనూరు, ఒకడిది కుప్పం. ఒక జులై గురువారం రాత్రి మదనపల్లె వాడు మిగతా ఇద్దరి ఫోన్లకు పంపిన సందేశం పైది. చూడ్డానికి నాలుగు ముక్కలే గానీ విప్పబోతే ప్రబంధాలే నయమనిపిస్తుందని వ్యాఖ్యాత మనవి.

టీక: శనాదివారాలు అనేది ద్వంద్వ సమాసం. శనివారమూ ఆదివారమూ అని విగ్రహం. శుక్రవారం రాత్రి బస్సును అధ్యాహారం చేసుకోవాలని సెలవు దొరకనివాళ్ళ మతం.

కొండమీద. ఏ కొండ? మదనపల్లెలో నిలబడి ఉత్త కొండ అంటే హార్స్‌లీ కొండే. ఊరికి సుమారు 30 కిలోమీటర్లు, ఎత్తు 4 వేల అడుగుల పైన. పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. 1870 ప్రాంతంలో డబ్ల్యు.డి. హార్స్‌లీ అనే కలెక్టరు దొర ఎండకు తాళలేక పైన ఇల్లు కట్టుకున్నాడు. దాంతో కొండ దొరగారి పేరెక్కింది. మల్లమ్మ మాత్రం ఖాళీ చెయ్యలేదు, గుడి అక్కడే ఉంది. కొండమీద నీలగిరి చెట్లున్నాయి, చల్లగాలి ఉంది, వానాకాలంలో మబ్బు ముఖానికే తగులుతుంది. వరి లేదు.

ఇక్కడ పుంగనూరు వాడు పూర్వపక్షం లేవదీశాడు. "కొండమీద వరి యాడుంది రా? కుందేటికి కొమ్ములు చూపిస్తావా?"

చూపించొచ్చు, కొంచెం దూరం పోతే. శ్రీకాకుళం కొండల్లోనూ, సరిహద్దు దాటి ఒడిశా గజపతి, రాయగడ జిల్లాల్లోనూ సవరలు కొండవాగును మళ్ళించి, రాయి మీద రాయి పేర్చి, వాలును మెట్లుగా కోసి వరి పండిస్తారు. పాడేరు, అరకు లోయల్లోనూ మెట్లమడులున్నాయి. ఆ పక్కనే ఉన్న కోరాపుట్ సంప్రదాయ సాగును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావ్ జనం కట్టిన మెట్లకు 1995లోనే యునెస్కో పట్టం దక్కింది. అయితే మదనపల్లె నుంచి విశాఖపట్నానికే 800 కిలోమీటర్లకు పైమాట, అక్కణ్ణుంచి పాడేరుకు మరో నూరు దాటుతుంది. "ఆదివారం రాత్రికి ఇల్లు" అనే చివరి వాక్యంతో ఇది పొసగదు.

వాచ్యార్థం పొసగనప్పుడు లక్షణను ఆశ్రయించాలి. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని పెద్దలు సర్దుకోలేదా? అట్లాగే కొండమీద అంటే కొండ కింద. వరిమడులంటే చెరువు కింది కయ్యలు. సిద్ధాంతం కుదిరింది.

మడులు. ఈ ఒక్క మాట దగ్గర వ్యాఖ్యాత చాప పరుచుకుని కూర్చుంటాడు. వరికి పాదాల దగ్గర నీళ్ళు నిలవాలి. వాలులో నీళ్ళు నిలవవు. అందుకని వాలును చదును ముక్కలుగా నరికి, ఒక్కో ముక్క చుట్టూ గెనిమ వేస్తారు. వాలు నిటారుగా ఉంటే ముక్క సన్నం, మెట్టు ఎత్తు. వాలు మందగిస్తే ముక్క వెడల్పు, మెట్టు జానెడు. సవర కొండల మెట్లను రెండు కొసలూ పట్టుకుని లాగి సాగదీస్తే మదనపల్లె చెరువు ఆయకట్టు అవుతుంది. పైన కట్ట, కట్టకు తూము, తూము కింద కాలువ, కాలువ కింద కయ్య, కయ్య కింద ఇంకో కయ్య. పై కయ్య నిండితేనే కింది కయ్యకు మడవ తెగుతుంది. ఎవరికి ఎప్పుడు తెగాలో చూడ్డానికి ఊరికొక నీరుగంటి. అతనికి కూలి గింజల్లోనే ముట్టేది.

ఇందులో శ్లేష రెండు రకాలు. మడి అంటే వరి పొలం, మడి అంటే శుచి. మొదటిదాంట్లో దిగినవాడికి రెండోది దక్కదు. కయ్యకు ఒక్క సున్నా చేరిస్తే కయ్యం. గెనిమను ఏటా నాలుగు వేళ్ళు అవతలికి జరిపే అలవాటున్న చోట ఆ సున్నా దానంతటదే వచ్చి చేరుతుంది.

పాఠభేదం: కుప్పం ప్రతిలో 'కొండ'కు బదులు 'ఏలగిరి' అని ఉంది. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో వెలసిన ఊరు కాబట్టి పాఠభేదం అక్కణ్ణుంచి రావడం న్యాయమే. తమిళనాడు వైపున్న ఏలగిరికి 14 కొండమలుపులున్నాయి గానీ మన సందేశంలో మలుపుల ఊసు లేదు. గ్రాహ్యం కాదు.

వానలోనే. ఏ వాన? మన్యంలోనైతే నైరుతి వానకే మడులు నిండి జులై ఆగస్టుల్లో నాట్లు పడతాయి. మదనపల్లె వైపు చెరువులు నిండడానికి చాలా ఏళ్ళలో ఈశాన్య రుతుపవనం దాకా, ఒక తుపాను దాకా ఆగాలి. జులైలో కట్టెక్కితే కనిపించేది నెర్రెలిచ్చిన మట్టి, సర్కారు తుమ్మ. కాబట్టి ఈ సందేశంలోని శనివారం నవంబరులో వచ్చింది.

బూట్లు. వ్యర్థపదం. అడుసు తొక్కనేల అని సామెత అడుగుతుంది. అడుసు తొక్కక తప్పనివాడు మాత్రం చెప్పులు గట్టున విడిచి దిగుతాడు. గెనిమ వెడల్పు ఒక పాదమంత, పైన తడిగడ్డి, పక్కన ఎండ్రకాయ బొక్క. ఆ బొక్కలోంచి నీళ్ళు కింది కయ్యలోకి కారుతుంటే ఒక పెద్దాయన మడమతో బురద నొక్కి మూసేశాడు, వంగను కూడా లేదు. తర్వాత బూట్లవాళ్ళను చూసి, "నాయనా, గెనిమ తెంపబాకండి" అన్నాడు.

తాత్పర్యం: చెరువు మొరవ పారిన వారానికి ముగ్గురు స్నేహితులూ కట్టెక్కి దిగి, గెనిమల మీద ఒకరి వెనక ఒకరు చేతులు చాపి నడిచారు. పుంగనూరు వాడు రెండుసార్లు జారి, తమ ఊరి ఆవైతే మూడడుగుల ఎత్తు కూడా ఉండదు గనక పడినా దెబ్బ తగిలేది కాదన్నాడు. ఒక బూటు మూడో కయ్యలో దిగబడిపోయింది. మధ్యాహ్నానికి మదనపల్లెలో సంగటి తిని, శనివారం చీకటి పడకముందే ఎవరి ఇల్లు వాళ్ళు చేరారు. ఆ బూటు ఎడమదా కుడిదా అన్న దగ్గర మాత్రం ప్రతులు ఏకీభవించవు.