సాంటర్ మాస్టారు

పెళ్లికని బయల్దేరి అప్పగింతలకు అందుకునే మనిషి ప్రతి బంధువర్గంలోనూ ఒకాయన ఉంటాడు. కాళ్లనొప్పులా, లేవు. బద్ధకమా, అదీ కాదు. తొందర ఒక్కటే లేదు. అవతల రైలు కూత పెడుతున్నా ఇవతల చెప్పు పట్టీ సరిచేసుకుంటూ ఉంటాడు. వీళ్లలో మామూలు రకంతో పేచీ లేదు, నాలుగు తిడితే నవ్వేసి ఊరుకుంటాడు. చదువుకున్న రకంతోనే చిక్కంతా. తన నడకకు శాస్త్రాధారం చూపిస్తాడు.

మా పెదనాన్న ఈ రెండో రకం. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. "ఏమిటండీ ఆ నత్తనడక?" అని పెద్దమ్మ అంటే చాలు, నొచ్చుకుంటారు.

"నత్తది క్రాల్. నాది సాంటర్."

మెల్లగా నడిచేవాళ్లందరినీ ఒకే గాటన కట్టడం ఆయనకు నచ్చదు. ఒళ్లు హూనమై కాళ్లీడ్చేది ట్రడ్జ్. బజారు నుంచి కూరల సంచీలతో వచ్చే పెద్దమ్మది ఆ నడక. ఆ సంచీల్లో ఒకటి ఆయనెందుకు పట్టుకోకూడదన్నది సిలబస్‌లో లేదు. చేయాల్సిన పని తప్పించుకోవడానికి దారిలో కాలక్షేపం చేసేది డాడిల్. అది బడికెళ్లేటప్పుడు మా వాడిది. సాంటర్ ఈ రెండూ కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఈ రోడ్డు మా తాతగారు వేయించిందే అన్నట్టు నింపాదిగా నడవడం. గంట కొట్టిన పావుగంటకు జేబుల్లో చేతులు పెట్టుకుని క్లాసులోకి వచ్చే కుర్రాడిదీ ఇదే నడక, అందులో కాస్త పొగరుంటుంది. అలాంటి కుర్రాళ్లను సర్వీసంతా గుమ్మం బయట నిలబెట్టిన మనిషి, రిటైరయ్యాక వెళ్లి వాళ్లలోనే చేరారు.

ఆయన పిలిచే సాక్షి థోరో. రోజుకు కనీసం నాలుగు గంటలు అడవులూ పొలాలూ తిరగనిదే తన ఆరోగ్యం నిలవదన్న అమెరికా రచయిత. 'వాకింగ్' అనే వ్యాసం ఆయన పోయిన మరుసటి నెల, 1862 జూన్‌లో, అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయింది. థోరో అందులో చెప్పినట్టు, వెనకటి రోజుల్లో పుణ్యభూమికి పోతున్నామని చెప్పి ఊరూరా అడుక్కుంటూ తిరిగేవాళ్లను చూసి, పిల్లలు 'సెంత్ తేర్ వాడొచ్చాడ్రోయ్' అని అరిచేవారట, సాంటర్ అందులోంచే పుట్టిందట. సెంత్ తేర్ అంటే ఫ్రెంచిలో పుణ్యభూమి. నిఘంటువులు దీన్ని ఒప్పుకోవు. ఆ సంగతి పెదనాన్నకూ తెలుసు, మనకు చెప్పరంతే.

అలాంటాయనతో అలిపిరి మెట్లెక్కాం. 3,550 మెట్లు, ఇంచుమించు 9 కిలోమీటర్లు. సామాను కొండ మీదికి పంపే కౌంటర్లో బ్యాగులిచ్చి, రసీదు పెద్దాయన కదా అని ఆయన చేతికే ఇచ్చాం. చొక్కా జేబులో పెట్టుకుని, పాదాల మండపం దగ్గర దండం పెట్టుకుని, "ఒరేయ్, అసలైన సెంత్ తేర్ ఇదిరా. ఇక్కడ సాంటర్ చెయ్యకపోతే ఇంకెక్కడ చేస్తాం?" అన్నారు.

గాలిగోపురం దాకా మెట్లు నిలువుగా ఉంటాయి. మెట్టుమెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ పెట్టి, లేచి, మళ్లీ వంగి ఎక్కే మొక్కుబడి ఆడవాళ్లు ఆయన్ని దాటిపోయారు. ఒకావిడ కాసేపు ఆగి చూసింది. ఆయన కాలు కదిలేలా లేదని తెలిసి, ఆ కాలికి అటూ ఇటూ బొట్లు పెట్టేసి పై మెట్టుకు వెళ్లిపోయింది.

మోకాళ్ల పర్వతం దగ్గర ఇంకా ఘోరం. కొండ సాక్షాత్తూ ఆదిశేషుడే, పాదం ఎలా మోపుతామని రామానుజులవారు మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. ఇప్పటికీ అక్కడ మోకాళ్లతో ఎక్కే భక్తులున్నారు. వాళ్లూ దాటిపోయారు. పెదనాన్న చలించలేదు. పసివాడైన అన్నమయ్య ఆ కొండ దారిలోనే అలసి నిద్రపోతే అలమేలుమంగ కనిపించిందన్న కథ నాకు వినిపించి, మండపంలో తువ్వాలు పరిచి నడుం వాల్చారు.

అమ్మవారు రాలేదు. పెద్దమ్మ ఫోనొచ్చింది. అందరూ పైకి చేరి, సామాను కౌంటర్ ముందు రసీదు లేక నిలబడి ఉన్నారు.

"ఎక్కడున్నారండీ?"

"సాంటర్ చేస్తున్నానే."

"ఆ గురక మీది కాదూ, ఇందాక మీవాడు ఫోనెత్తినప్పుడు?"

ఆయన గొంతు సవరించుకుని థోరోను పిలిచారు. అంతా విని పెద్దమ్మ ఒక్కటే అడిగింది: "ఆయనకు పెళ్లయిందా?"

"లేదు, బ్రహ్మచారి."

"అదీ, అలా చెప్పండి" అని పెట్టేసింది.

మీ ఇంట్లోనూ ఒక సాంటర్ మాస్టారుంటే నిరభ్యంతరంగా అలిపిరికి తీసుకెళ్లండి. దారిలో చాలా దూరం పైకప్పుంది, మంచినీళ్లున్నాయి, ఆయనకేమీ కాదు. సామాను రసీదు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి.